తొక్కు జాడీ మీద వెలుగు

ఆ ఆదివారం పొద్దున నేను ఒక ఆడపిల్ల మీద తప్పు మోపాను. ఆ తప్పు చేసింది నేను. అది నాకు బాగా తెలిసి ఉండగానే, ఆమె ముఖంలోకి చూస్తూనే మోపాను. తర్వాత స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని చర్చికి బయలుదేరాను.

దీన్ని రాయడానికి చాలాకాలం పట్టింది. అప్పుడు నా నోటినుంచి వచ్చిన మాటలు తలుచుకుంటే ఇప్పటికీ నోట్లో పాచి రుచి తగులుతుంది.

అప్పటికి మేము వలస వచ్చిన ఈ చలిదేశంలో, మిల్టన్‌లో ఇల్లు కొనుక్కుని పదకొండేళ్ళు. కాలేజీలకి మన పిల్లలు వెల్లువలా వస్తున్న సంవత్సరాలవి. తెలుగువాళ్ళ ఏ ఇంటి బేస్‌మెంట్ చూసినా ఇద్దరో నలుగురో స్టూడెంట్లు ఉండేవారు. మా కింద ఇద్దరమ్మాయిలు అద్దెకుండేవారు. ఒకామెది కరీంనగర్. వారంలో మూడు రోజులు కాలేజీ, మిగిలిన రోజులు ఎటోబికోలో ఎయిర్‌పోర్టు దగ్గర ఒక వేర్‌హౌస్‌లో పని. రెండో ఆమెది మా వైపే, బాపట్ల. ఒక రెస్టారెంటులో గిన్నెలు కడిగేది. ఆ పిల్ల చేతులు ఎప్పుడు చూసినా నానిపోయి, వేళ్ళ చివర్లు ముడతలు పడి ఉండేవి. షిఫ్ట్ లేని ఆదివారం మా చర్చికే వచ్చేది. ఆరాధన తర్వాత భోజనాలకి వంటగదిలో ఉల్లిపాయలు కోసి పెట్టేది.

వాళ్ళని నేను మంచిగానే చూసుకుంటున్నానని అనుకునేవాణ్ణి. మంచు పడితే వాళ్ళ వైపు మెట్లు కూడా నేనే ఊడ్చేవాణ్ణి. కానీ మనసులో వాళ్ళంటే ఒక చిన్నచూపు ఉండేది. మేము వచ్చినప్పుడు ఇలా గుంపులుగా రాలేదని, మేము బస్సులో గట్టిగా ఫోన్లు మాట్లాడలేదని, ఏవేవో. ఆ చిన్నచూపు అవసరానికి అక్కరకొస్తుందని నాకప్పుడు తెలీదు.

ఆ చలికాలం నేను ఊళ్ళోని ఆర్ట్స్ సెంటర్‌లో ఫోటోగ్రఫీ క్లాసులో చేరాను. గురువారం సాయంత్రాలు. కదలని వస్తువుల ఫోటోలు, అంటే స్టిల్ లైఫ్, అందులోనూ వెలుగు అమర్చడం నేర్పే క్లాసు. చెప్పే ఆవిడ డెబ్బై దాటిన మనిషి. ఒకప్పుడు షాపుల కేటలాగులకి గిన్నెలూ గాజుసామానూ ఫోటోలు తీసి బతికిందట.

మొదటి వారం మాకు ఒక్కొక్కరికి ఒక కోడిగుడ్డు, ఒక తెల్లకాగితం, ఒక టేబుల్ లైటు ఇచ్చింది. లైటు ఎదురుగా పెడితే గుడ్డు చదునుగా, కాగితం మీద అతికించిన బిళ్ళలా కనిపించింది. అదే లైటు పక్కకి జరిపితే గుండ్రమైంది. పెంకు మీది సన్నసన్నని గరుకు కూడా లేచింది. వెనక్కి జరిపితే అంచు మాత్రం వెలిగి, మధ్యంతా చీకటైంది. నీడ మరీ నల్లగా ఉంటే రెండో వైపు ఒక తెల్ల అట్ట నిలబెట్టాలి, దాని మీద పడి తిరిగొచ్చిన వెలుగు నీడని పలచన చేస్తుంది. వెలుగు మరీ కటువుగా ఉంటే మధ్యలో బేకింగ్ పేపరు వేలాడదీయాలి. లక్షలు పోసి కొనే సామానేమీ అక్కర్లేదు. ఒక కిటికీ, రెండు అట్టలు, ఓపిక చాలు.

నాకు పిచ్చి పట్టింది. భోజనాల బల్ల కిటికీ దగ్గరికి లాగాను. దాని మీద రోజుకొక వస్తువు. ఉల్లిపాయ, ఇత్తడి గ్లాసు, మా ఆవిడ కుట్టు కత్తెర. "ఇంతకీ మనం తినేదెక్కడ?" అని మా ఆవిడ పళ్ళెం పట్టుకుని సోఫాలోకి వెళ్ళేది.

ఆరో వారం, తడిగా మెరిసే వస్తువు తీసుకురమ్మంది టీచరు. తడికీ నూనెకీ వెనకనుంచి వచ్చే వెలుగు అందం తెస్తుందని, తేనె, జామ్, ఆలివ్‌లు అలాంటివి చూసుకోమంది. క్లాసులో అందరి బొమ్మల్లోకీ మంచిది లైబ్రరీ గోడమీద పెడతారని కూడా చెప్పింది.

ఆ శనివారం ఇల్లు వేడిచేసే ఫర్నేస్ ఫిల్టరు మార్చడానికి బేస్‌మెంట్‌లోకి దిగాను. అమ్మాయిలిద్దరూ పనులకి వెళ్ళారు. వాళ్ళ అరమీద తెలుపూ గోధుమరంగూ కలిసిన పింగాణీ జాడీ ఉంది. మూతికి తెల్లగుడ్డ వాసెన కట్టి ఉంది. కరీంనగర్ అమ్మాయిది. ప్లాస్టిక్ డబ్బాలో పాడవుతుందని వాళ్ళమ్మ ఈ జాడీలోనే పెట్టి, బట్టల మధ్య చుట్టి పంపిందట. వచ్చిన కొత్తలో ఆ పిల్ల ఒక చిన్న గిన్నెలో తెచ్చి, "మామిడికాయ తొక్కు, అంకుల్. అమ్మ పెట్టింది" అంటే నేను, "తొక్కా? అరటిపండు తొక్కా, బత్తాయి తొక్కా?" అని నవ్వాను. తనూ నవ్వింది. మళ్ళీ ఎప్పుడూ పైకి తేలేదు.

అడగకుండా జాడీ పైకి తీసుకుపోయాను. సాయంత్రంలోపు పెట్టేస్తాను కదా అనుకున్నాను.

కిటికీ వెలుగు జాడీ వెనకనుంచి వచ్చేలా పెట్టి, ముందు తెల్ల అట్ట నిలిపి, వాసెన విప్పాను. ముక్కల మీద నూనె తేలి లేదు. ఆ పిల్ల రోజూ తీసుకునే కొద్దీ పిండి పైకొచ్చి, పైపొర ఎండినట్టుంది. ఫోటోలో మట్టిలా పడింది. నాకు మెరుపు కావాలి. సింకులో ఉన్న చెంచా కడిగి, విదిలించి, తుడవకుండానే జాడీలో పెట్టి కలిపాను. నాలుగు ముక్కలు పైకి తీసి సాసర్లో పెట్టాను. మందుల షాపులో తెచ్చిన గ్లిజరిన్‌ని నీళ్ళలో కలిపి, మా ఆవిడ ఇస్త్రీకి వాడే స్ప్రే సీసాలో పోసి వాటి మీద కొట్టాను. బొట్లు బొట్లుగా నిలిచి, వెనక వెలుగుకి కెంపుల్లా మెరిశాయి. ఆ ఘాటుకి నోరూరింది. చెంచాతో ఒక ముక్క నోట్లో పెట్టుకున్నాను. అల్లం, వెల్లుల్లి, మెంతిపిండి. చాలా బాగుంది. చెంచా నాకి, అదే చెంచాతో మళ్ళీ జాడీలో కలిపి, మళ్ళీ ఫోటో తీశాను.

ఎంగిలి చెంచా. తెలుగు ఇంట్లో పుట్టినవాడెవడూ చెయ్యని పని. ఊరగాయ జాడీ దగ్గరికి వెళ్ళబోతే మా అమ్మ నా చెయ్యి తిప్పి తడి చూసి గాని వెళ్ళనిచ్చేది కాదు. యాభై ఏళ్ళ వయసులో నేను తడి చెంచా పెట్టాను, ఎంగిలి చెంచా పెట్టాను, చివరికి గ్లిజరిన్ నీళ్ళలో తడిసిన ముక్కల్ని సాసరులోంచి గీకి మళ్ళీ జాడీలోనే వేశాను. పారేస్తే తరుగు తెలుస్తుందని. వాసెన ఎలా ఉందో అలాగే కట్టి కిందపెట్టాను. ఆ సాయంత్రమంతా కంప్యూటరు ముందు ఆ ఎరుపు చూసుకుని మురిసిపోయాను.

గురువారం క్లాసులో టీచరు నా ఫోటో గోడమీద పెద్దది చేసి చూపించి మెచ్చుకుంది. లైబ్రరీకి ఇదే అంది. తర్వాత జాడీ పొట్ట మీదికి జూమ్ చేసి, "ఈ పెద్దమనిషి ఎవరు?" అంది. పింగాణీ నునుపు అంచున కిటికీ తెల్లటి చట్రంలా కనిపిస్తోంది. దాని పక్కన సన్నగా సాగిపోయి, వంగుని, చేతిలో స్ప్రే సీసాతో నేను. క్లాసంతా నవ్వారు. నేనూ నవ్వాను. మెరిసే వస్తువు తన ఎదురుగా ఏముంటే అది చూపించేస్తుందని, ఈసారి కెమెరా ముందు నల్లగుడ్డ కట్టి, లెన్సుకి మాత్రం కన్నం పెట్టి, వెనక నిలబడమని చెప్పింది. రాసుకున్నాను.

మూడు వారాలు గడిచాయి. ఆదివారం పొద్దున్నే కిందనుంచి అరుపులు. మెట్లు దిగేసరికి జాడీ వాసెన విప్పి ఉంది. లోపల తెల్లగా, అక్కడక్కడ పచ్చగా, దూదిలా బూజు. పుల్లటి, ముక్కిపోయిన వాసన. చూసిన క్షణంలోనే నాకు అర్థమైంది.

"నిన్న మంచిగనే ఉండె, అంకుల్! అంచుకు తెల్లగ ఏందో కనవడితే ఉప్పనుకున్న." కరీంనగర్ అమ్మాయి ఏడుస్తోంది. "రోజు ఒక్క ముక్కనే తింట. పొడి చెంచతోటే తీస్త. వచ్చే ఎండకాలం దాంక రావాలె అని చూసుకుంట తింటున్న. నేనైతే గిట్ల చెయ్య. మరెవరు చేసిన్రు, దయ్యమా?"

"నేను దాని వాసెన కూడా విప్పలేదండీ," అంది బాపట్ల అమ్మాయి. "ఎన్నిసార్లు చెప్పాలే నీకు? నాకు అడిగి తినడం చేతకాదా?"

"అడిగినవా మరి?"

"తినందే ఎందుకు అడుగుతానే!"

"అబద్ధాలు చెప్పేటోళ్ళతోటి నేనుండ. నువ్వన్న పో, నేనన్న పోత." అని కరీంనగర్ అమ్మాయి నావైపు తిరిగింది. "అంకుల్, మీరు పెద్దోళ్ళు. మీరే చెప్పున్రి, బూజు ఎందుకు పడ్తది?"

ఆ నిమిషం నాకిచ్చిన నిమిషం. నోరు విప్పి 'నేనే తల్లీ' అంటే రెండు మాటల్లో అయిపోయేది. నేను గొంతు సవరించుకున్నాను.

"తడి తగిలితేనే పడుతుందమ్మా. ఎవరో కావాలని చేశారని కాదు. రోజంతా గిన్నెలు కడిగే చేతులు, తడి తెలియకపోవచ్చు. కొంచెం శుభ్రంగా ఉండటం నేర్చుకోవాలి మీరు."

'మీరు' అన్నాను గాని, చూసింది బాపట్ల అమ్మాయిని. ఆ పిల్ల తన చేతులు చూసుకుంది. తర్వాత వాటిని స్వెటర్ చేతుల్లోకి లాక్కుంది. నేను పైకొచ్చాను.

ఆ చేతులు లోపలికి పోవడం నాకు ఇప్పటికీ కనిపిస్తుంది.

చర్చి వరండాలో కాఫీ కప్పు పట్టుకుని సంఘపెద్ద ఒకాయన ఎప్పుడూ చెప్పేదే చెబుతున్నాడు. "ఈ స్టూడెంట్ల వల్ల మన పరువు పోతోందండీ. బస్‌స్టాపులో గుంపులు, బేస్‌మెంట్లలో కంపు."

"నిజమేనండీ," అన్నాను. ఆగొచ్చు. ఆగలేదు. "ఇవాళ మా ఇంట్లోనే చూడండి." బూజు కథ చెప్పాను. గిన్నెలు కడిగే చేతుల దాకా చెప్పాను. అందరూ నవ్వారు. పక్కనే ఉన్న సంఘపెద్ద భార్య మాత్రం నవ్వలేదు. "ఎవరు, మన వంటగదికి వచ్చే పిల్లేనా? అమ్మో! ఇక కత్తీ బల్లా ముట్టుకోనివ్వను."

పొద్దున ఆ పిల్ల గది పోగొట్టాను, ఇప్పుడు చర్చిలో స్థానం పోగొట్టాను. సరిచెప్పడానికి అప్పటికీ సమయముంది. పాట మొదలైందని లోపలికి వెళ్ళి కూర్చున్నాను.

అది నెల మొదటి ఆదివారం, ప్రభువు బల్ల ఉంటుంది, అంటే ప్రభువు జ్ఞాపకంగా రొట్టె, ద్రాక్షరసం పంచుకోవడం. రొట్టెముక్కల పళ్ళెం వరసలోంచి నా దగ్గరికొచ్చింది. నా వేళ్ళు చూసుకున్నాను. ఈ వేళ్ళతోనే ఆ ముక్కలు సాసరులోంచి గీకి జాడీలో వేశాను. నా నోరంటే నాకే అసహ్యమేసింది. పళ్ళెం పక్కకి అందించేశాను. మా ఆవిడ తలతిప్పి చూసింది.

కారులో అడిగింది. "బల్ల తీసుకోలేదేం?"

"ఆ జాడీ పాడుచేసింది నేను."

చెప్పాను. మొత్తం.

"నా ఇస్త్రీ స్ప్రే సీసానా?"

"అవును."

"ఎంగిలి చెంచా పెట్టి, ఆ పిల్లకి శుభ్రం నేర్పారా?" కిటికీవైపు తిరిగిపోయింది. "ఇంటికి పోనివ్వండి. లోపలికి నాకంటే ముందు మీరు వెళ్ళండి."

కింద బాపట్ల అమ్మాయి అట్టపెట్టెలో గిన్నెలు సర్దుకుంటోంది. ఎటోబికోలో నలుగురున్న గదిలో ఐదో పరుపు వేసుకోనిస్తామన్నారట. కరీంనగర్ అమ్మాయి మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంది. జాడీ ఇంకా అలాగే ఉంది.

నేను ల్యాప్‌టాప్ తెరిచి బల్లమీద పెట్టాను. జాడీ పొట్ట పెద్దది చేశాను.

"ఇది మా పై కిటికీ. ఈ పక్కన వంగుని ఉన్నది నేను. మీరిద్దరూ లేనప్పుడు అడక్కుండా తీసుకెళ్ళాను. తడి చెంచా నాది. దీనిమీద గ్లిజరిన్ నీళ్ళు కొట్టింది నేను. ఒక ముక్క తిని, అదే చెంచా మళ్ళీ లోపల పెట్టాను."

కరీంనగర్ అమ్మాయి లేచి కూర్చుంది. "ఎంగిలి చెంచనా?"

"అవునమ్మా."

"ఛీ! నేను నిన్నటి దాంక తిన్న గద అంకుల్!" నోరు మూసుకుని సింకు దగ్గరికి పరిగెత్తింది. బాపట్ల అమ్మాయి చేతిలోని గిన్నె వదిలేసి వెనకాలే వెళ్ళి, ఆమె జడ వెనక్కి పట్టుకుంది. ఆ ఓకరింపు చప్పుడు వింటూ నేను నిలబడ్డాను. వినాల్సిందే.

కొళాయి కట్టాక బాపట్ల అమ్మాయి అడిగింది. "పొద్దున కూడా మీకు తెలుసా అంకుల్?"

"తెలుసమ్మా."

"తెలిసే నా చేతుల గురించి అన్నారా?"

"తెలిసే."

"ఎందుకండీ?"

దానికి సమాధానం నాకు అప్పటికప్పుడే దొరికింది. అంత తేలిగ్గా దొరకడమే రోత. "నువ్వు ఎదురు చెప్పలేవని. చెప్పినా ఎవరూ నమ్మరని."

ఆమె తలూపింది. నేను చెప్పింది అబద్ధం కాదని నిర్ధారించుకున్నట్టు. కరీంనగర్ అమ్మాయి ముఖం తుడుచుకుంటూ ఆమెవైపు చూడలేక, "నేనేమేమో అన్ననే," అంది. "అన్నావులే, నీ నోటికి బ్రేకుల్లేవు," అంది ఈమె.

"ఇంకొకటి ఉంది," అన్నాను. చర్చి వరండాలో ఏం చెప్పానో చెప్పాను. బాపట్ల అమ్మాయి ముఖం అప్పుడు మారింది. పొద్దుటినుంచి ఏడవని పిల్ల అప్పుడేడ్చింది. "అక్కడ కూడానా అంకుల్? వారానికి ఆ ఒక్క పూటే నేను మనుషుల్లో ఉన్నట్టుంటుంది."

అక్కడే నిలబడి, స్పీకర్ పెట్టి, సంఘపెద్దకి ఫోన్ చేశాను. జాడీ పాడుచేసింది నేనేనని చెప్పాను. ఆయన ఇబ్బందిగా నవ్వాడు. "పోనీలెండి. ఇంత చిన్నదాన్ని ఎవరు గుర్తుపెట్టుకుంటారు?"

"మీ ఆవిడగారు గుర్తుపెట్టుకుంటారండీ. ఫోన్ ఆవిడకివ్వండి."

ఆవిడకి మళ్ళీ మొదటినుంచి చెప్పాను, ఎంగిలితో సహా. "మీరా?" అందావిడ. ఆ ఒక్క మాటలో ఎంత జుగుప్స ఉందో, అది పొద్దున ఆ పిల్లకి దక్కాల్సింది కాదు. "నేనేనండీ. వచ్చే ఆదివారం వరండాలో అందరిముందూ చెబుతాను. వంటగదిలోకి రానివ్వకూడనిది నన్ను."

చెప్పాను కూడా. ఎవరూ నవ్వలేదు.

ఆ రోజు ఫోన్ పెట్టేశాక బాపట్ల అమ్మాయి నన్ను క్షమించానని అనలేదు. పెట్టెలోంచి రైస్ కుక్కర్ తీసి మళ్ళీ అరమీద పెట్టి, షిఫ్ట్‌కి టైమైందని వెళ్ళిపోయింది. బూజు తొక్కు నేనే తీసి సంచిలో కట్టి పారేశాను. వేళ్ళకి అంటిన ఆ జిగటని తొందరగా కడుక్కోలేదు. జాడీ వేడినీళ్ళతో కడిగి, నేను ఫోటో తీసిన కిటికీలోనే ఎండకి బోర్లించాను. మధ్యాహ్నపు ఎండ పక్కనుంచి పడి, దాని మీది సన్నటి పగుళ్ళన్నీ కనిపించాయి. టీచరుకి రాసి, లైబ్రరీ గోడమీదికి ఆ ఫోటో వద్దని చెప్పాను. ఎందుకో కూడా రాశాను.

వాళ్ళమ్మ పెట్టిన తొక్కు తిరిగి తేలేను. అది నాకు తెలుసు. తర్వాతి శనివారం పొద్దున ఇండియన్ స్టోరులో పచ్చి మామిడికాయలు ఒక్కొక్కటే నొక్కి చూసి ఏరుకొచ్చాను. బల్ల మీది అట్టలూ బేకింగ్ పేపరూ తీసేశాను. కరీంనగర్ అమ్మాయి ఫోన్ని కారప్పొడి డబ్బాకి ఆనించి వీడియో కాల్‌లో వాళ్ళమ్మని పెట్టింది. ఆమెకి ముందే అంతా చెప్పాను. ఆమె మాత్రం, "గ్లిజరిన్ అంటే కాళ్ళ పగుళ్ళకు పెట్టుకునేది గద సారూ?" అని ఒక్కటే అడిగింది.

బాపట్ల అమ్మాయి మెట్ల మీద కూర్చుని చూస్తోంది. నేను కాయలు కడిగి, పొడిగుడ్డతో ఒక్కొక్కటీ తుడిచి, కత్తి అందుకోబోయాను.

"ఆగున్రి," అంది ఫోన్లోంచి ఆ తల్లి. "చేతులు తుడుచుకున్నరా?"

"తుడుచుకున్నానమ్మా."

"బిడ్డా, సారు చెయ్యి పట్టి చూడు."

కరీంనగర్ అమ్మాయి కదలలేదు. బాపట్ల అమ్మాయి లేచి వచ్చింది. నా అరచెయ్యి తిప్పి, వేళ్ళ సందుల్లో తన ముడతల వేలితో రాసి చూసింది.

"ఇక్కడ తడి ఉందండీ," అంది.

నేను మళ్ళీ తుడుచుకున్నాను.